అమెరికా–జపాన్ ఒప్పందం: భారం ఎవరిది, బేరం ఎవరిది?

కవాసాకి తెలుగోడు

అందరికీ నమస్కారం. 11 ఏళ్లుగా జపాన్‌లో ఉంటున్నాను. కార్ల విడిభాగాలు చేసే కంపెనీలో పని. చాలా రోజులుగా మనసులో నలుగుతున్న విషయం ఒకటి ఇక్కడ పెడుతున్నాను.

2025 ఏప్రిల్‌లో అమెరికా బయటి దేశాల కార్ల మీద 25 శాతం అదనపు సుంకం వేసినప్పటి నుంచి మా ఆఫీసులో ఒకటే టెన్షన్. అప్పటిదాకా ఉన్నది 2.5 శాతం. రెండూ కలిపితే 27.5. ఇక్కడివాళ్లు పని వేళల్లో సొంత ఫోన్ ముట్టుకోరు. అలాంటిది జులై 23 పొద్దున అందరి చేతుల్లోనూ ఫోన్లే. ‘మొత్తం 15 శాతానికి ఒప్పుకున్నారు’ అని మా పై అధికారి నిలబడి చదివాడు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు గానీ ఎవరి మొహంలోనూ సంతోషం లేదు. పక్క సీటాయన చిన్నగా అన్నాడు: ‘15 అంటే మొన్నటిదానికి ఆరింతలు కదా.’

దానికి బదులుగా జపాన్ 55,000 కోట్ల డాలర్ల పెట్టుబడి పెడతానంది. అదే ఏడాది మార్చిలో ట్రంప్ ఏమన్నాడో గుర్తుందా? జపాన్‌ను మేం కాపాడాలి, మమ్మల్ని కాపాడాల్సిన పని మాత్రం వాళ్లకు లేదు అని. నిజంగా అంత ఏకపక్షమా ఆ భద్రతా ఒప్పందం? ఇంత పెద్ద ఆర్థిక శక్తి ప్రతిసారీ ఎందుకు తగ్గుతోంది? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

చరిత్ర మాస్టారు

మంచి ప్రశ్న బాబూ. డిగ్రీ కాలేజీలో పాతికేళ్లు ఈ పాఠం చెప్పాను, తెలిసినంత రాస్తాను.

1951 సెప్టెంబరు 8న శాన్‌ఫ్రాన్సిస్కో ఒపెరా హౌస్‌లో 48 దేశాలు, యుద్ధంలో ఓడి అమెరికా సేనల పాలనలో ఉన్న జపాన్‌తో శాంతి ఒప్పందం మీద సంతకాలు చేశాయి. అదే రోజు సాయంత్రం, అదే ఊళ్లో ఒక సైనిక స్థావరంలో రెండో సంతకం జరిగింది. అది అమెరికాతో భద్రతా ఒప్పందం. జపాన్ తరఫున ప్రధాని యోషిదా షిగేరు ఒక్కడే సంతకం పెట్టాడు. స్వతంత్రం ఇస్తామని సంతకం చేసిన రోజే సైన్యం ఉండిపోవడానికి రాయించుకున్నారన్నమాట. ఆ మొదటి ఒప్పందంలో జపాన్‌ను కాపాడే బాధ్యత అమెరికాకు ఉందని స్పష్టంగా లేదు. పైగా జపాన్ లోపల పెద్ద అల్లర్లు జరిగితే, ఆ ప్రభుత్వం అడిగితే, అమెరికా సైన్యం దిగవచ్చని ఉంది! సొంత గడ్డ మీద, సొంత జనం మీద పరాయి సైన్యం. ఏ దేశానికైనా అది చిన్నతనమే.

1960 జనవరిలో ప్రధాని కిషి దాన్ని మార్చి రాయించాడు. ఇప్పుడు నడుస్తున్నది ఆ ఒప్పందమే. అందులో రెండు నిబంధనలు పక్కపక్కన పెట్టి చదవండి. 5వది: జపాన్ పాలనలో ఉన్న భూభాగం మీద దాడి జరిగితే ఇద్దరూ కలిసి ఎదుర్కోవాలి. 6వది: జపాన్ భద్రతకూ, తూర్పు ఆసియా శాంతికీ అమెరికా సేనలు జపాన్ గడ్డను వాడుకోవచ్చు. ఒకరు మనుషులనిస్తారు, ఇంకొకరు భూమినిస్తారు. ట్రంప్ 5 చదివి 6 వదిలేశాడు. వియత్నాం యుద్ధానికి అమెరికాకు జపాన్‌లో అడుగు పెట్టుకునే చోటు దొరికింది ఈ 6 వల్లే.

వరంగల్ పాఠకురాలు

మాస్టారూ, 1960లో అక్కడ పెద్ద గొడవలు అయ్యాయని చదివాను. ఒప్పందం మెరుగైతే జనం ఎందుకు తిరగబడ్డారు?

చరిత్ర మాస్టారు

రాసిన మాటలు మెరుగయ్యాయమ్మా, చేసిన పద్ధతి మాత్రం ఘోరం. మే 19 రాత్రి పార్లమెంటులో అడ్డుగా కూర్చున్న ప్రతిపక్ష సభ్యులను పోలీసుల చేత ఎత్తి బయట పెట్టించి కిషి ఓటింగ్ కానిచ్చేశాడు. యుద్ధకాలపు ప్రధాని తోజో మంత్రివర్గంలో పనిచేసిన మనిషి ఆయన. మళ్లీ పాత రోజులు వస్తున్నాయని జనానికి భయం పట్టుకుంది. లక్షల మంది వీధుల్లోకి వచ్చారు. జూన్ 10న అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ పర్యటన ఏర్పాట్లు చూడటానికి వచ్చిన ఆయన ప్రతినిధి కారును హనేదా విమానాశ్రయం దగ్గర చుట్టుముట్టారు. ఆయన్ను హెలికాప్టర్‌లో తప్పించాల్సి వచ్చింది. జూన్ 15న పార్లమెంటు ప్రాంగణంలో తోపులాట. అందులో టోక్యో విశ్వవిద్యాలయం విద్యార్థిని కాంబా మిచికో చనిపోయింది. 22 ఏళ్ల పిల్ల. ఐసెన్‌హోవర్ రాక రద్దయింది, కిషి రాజీనామా చేశాడు. ఒప్పందం మాత్రం నిలబడింది.

తర్వాత వచ్చిన ప్రధాని ఇకెడా పదేళ్లలో ఆదాయం రెట్టింపు చేస్తానన్నాడు. జనం కోపం ఫ్యాక్టరీల్లోకి, జీతాల్లోకి మళ్లింది. రక్షణ అమెరికాకు వదిలి మనం వ్యాపారం చూసుకుందాం అన్న దారి అలా గట్టిపడింది. నా ఉద్దేశంలో కవాసాకి బాబు ప్రశ్నకు జవాబు మొలకెత్తింది అక్కడే. ఇంటి కాపలా ఎదుటివాడికి అప్పజెప్పాక, సరుకు ధర దగ్గర వాడితో ఎంతవరకని పోట్లాడగలం?

కొలంబస్ నుంచి

మాస్టారి చివరి వాక్యానికి ఈ వైపు సంగతి కలుపుతాను. ఒహైయోలో ఉంటున్నాను. మా ఇంటి నుంచి మేరిస్‌విల్ హోండా ప్లాంటుకు కారులో అరగంట పైచిలుకు. జపాన్ కార్ల కంపెనీ అమెరికాలో కార్లు చేయడం మొదలైంది అక్కడే, 1982 నవంబరులో. మా వీధిలో సగం మందికి ఏదో ఒక రకంగా ఆ ప్లాంటుతోనో, దానికి విడిభాగాలు పంపేవాళ్లతోనో సంబంధం ఉంటుంది.

ఆ ప్లాంటు కట్టేనాటికి ఇక్కడ గాలి వేరు. 1970ల్లో పెట్రోలు ధరలు పెరిగి జనం చిన్న కార్లకు మళ్లారు, డెట్రాయిట్‌లో ఉద్యోగాలు పోయాయి. 1981లో రీగన్ ప్రభుత్వం ఒత్తిడి మీద జపాన్ ‘స్వచ్ఛందంగా’ ఏడాదికి 16.8 లక్షల కార్లకు మించి పంపనని ఒప్పుకుంది. ఎన్ని పంపాలో హద్దు ఉంది గానీ ఎంత ఖరీదైనవి పంపాలో హద్దు లేదు. దాంతో జపాన్ కంపెనీలు పెద్ద కార్ల వైపు వెళ్లాయి, ఆక్యురా, లెక్సస్ లాంటి బ్రాండ్లు పుట్టాయి. ఇంకోపక్క నేరుగా ఇక్కడే ఫ్యాక్టరీలు కట్టేశాయి.

ఆ రోజుల్లోనే, 1982లో, డెట్రాయిట్‌లో విన్సెంట్ చిన్ అనే చైనా మూలాల కుర్రాణ్ని ఇద్దరు కార్ల పరిశ్రమ మనుషులు బేస్‌బాల్ బ్యాట్‌తో కొట్టి చంపారు. పెళ్లికి ఇంకా కొన్ని రోజులే ఉంది. వాళ్లెవరూ జైలు శిక్ష అనుభవించలేదు. జపాన్ మీద కోపం, ప్రాణం పోయింది చైనా ఇంటి బిడ్డది. వాణిజ్య గొడవ టీవీలో అంకెల్లా కనిపిస్తుంది. బయటి మొహంతో ఈ దేశంలో బతికే మనకు అది అంకెలకే పరిమితం కాదని తెలియాలి.

రూపాయి లెక్క

అందరూ బాగా రాస్తున్నారు. కరెన్సీ సంగతి నేను చెప్తాను. చరిత్రలో జపాన్‌ను అమెరికా గట్టిగా కుదిపింది సుంకాలతో కంటే మారకం రేటుతోనే.

1949 నుంచి డాలరుకు 360 యెన్లు. 22 ఏళ్లు కదల్లేదు. జపాన్ ఎగుమతులు పెరిగింది ఆ నీడలోనే. 1971 జులైలో నిక్సన్ చైనా వెళ్తున్నానని ప్రకటించాడు, ఆసియాలో అంత దగ్గరి మిత్రుడికి ముందుగా సరైన కబురు కూడా లేదు. నెల తిరిగేసరికి ఆగస్టు 15న, 1945లో జపాన్ లొంగిపోయిన తేదీనే, డాలరుకు బంగారంతో ముడి తెంచి దిగుమతుల మీద 10 శాతం సర్‌చార్జి వేశాడు. డిసెంబరుకు డాలరు 308 యెన్లయింది.

తర్వాతది 1985 సెప్టెంబరు 22, న్యూయార్క్ ప్లాజా హోటల్. అమెరికా, జపాన్, పశ్చిమ జర్మనీ, ఫ్రాన్స్, బ్రిటన్ ఆర్థిక మంత్రులు డాలరును దించాలని ఒప్పుకున్నారు. అప్పుడు 240 దరిదాపుల్లో ఉన్న డాలరు ఏడాది తిరిగేసరికి 150 పైచిలుకుకు వచ్చేసింది. ఎగుమతిదారు కోణంలో చూడండి: అదే సరుకు అమ్మి అవే డాలర్లు తెస్తున్నా చేతికొచ్చే యెన్లలో మూడో వంతు పైగా గల్లంతు.

1986లో చిప్‌ల ఒప్పందం. జపాన్ మార్కెట్‌లో విదేశీ చిప్‌లకు 20 శాతం వాటా రావాలని అమెరికా పట్టుబట్టింది. సరిగ్గా అమలు చేయట్లేదని 1987 ఏప్రిల్‌లో 30 కోట్ల డాలర్ల జపాన్ ఎలక్ట్రానిక్స్ మీద 100 శాతం సుంకం పడింది. అదే ఏడాది తోషిబా అనుబంధ కంపెనీ సోవియట్‌కు జలాంతర్గామి ప్రొపెల్లర్లు చెక్కే యంత్రాలు అమ్మిందని బయటపడితే, అమెరికా కాంగ్రెస్ సభ్యులు కెమెరాల ముందు తోషిబా రేడియోను సుత్తులతో పగలగొట్టారు. మిత్రదేశం మీద!

వరంగల్ పాఠకురాలు

అంటే జపాన్ ముప్పై ఏళ్లు ఎదుగూ బొదుగూ లేకుండా ఉండిపోవడానికి ప్లాజా ఒప్పందమే కారణమా? యూట్యూబ్‌లో అందరూ అదే చెప్తున్నారు.

రూపాయి లెక్క

నేను ఒప్పుకోను మేడం. పశ్చిమ జర్మనీ కూడా ఆ బల్ల దగ్గరే కూర్చుంది, దాని మార్కు కూడా అలాగే పెరిగింది. అక్కడ భూముల ధరలు ఆకాశానికి ఎగిసి కూలిపోలేదు. యెన్ పెరిగి ఎగుమతులు దెబ్బతింటాయన్న భయంతో బ్యాంక్ ఆఫ్ జపాన్ వడ్డీని 2.5 శాతానికి దించి 1987 ఫిబ్రవరి నుంచి 1989 మే దాకా అక్కడే ఉంచింది. చవక డబ్బంతా భూముల్లోకి, షేర్లలోకి పోయింది. 1989 చివరి ట్రేడింగ్ రోజు 38,915 దగ్గర ముగిసిన జపాన్ షేర్ల సూచీ నిక్కీ మళ్లీ ఆ గీత దాటింది 2024 ఫిబ్రవరిలో. బయటి నుంచి తోపు పడిన మాట వాస్తవం. పడ్డ తర్వాత వేసిన అడుగులు జపాన్‌వే. బ్యాంకుల మొండి బాకీలను ఏళ్ల తరబడి దాచిపెట్టమని అమెరికా చెప్పలేదు కదా.

విశాఖ తీరం

నేవీలో పనిచేసి రిటైర్ అయ్యాను. ఇక్కడ చర్చ అంతా జపాన్ నష్టపోయిన వైపే నడుస్తోంది. రెండో పక్క కూడా చూడాలి.

జపాన్ చుట్టూ ఎవరున్నారు? ఉత్తర కొరియా క్షిపణులు జపాన్ మీదుగా దూసుకుపోయి పసిఫిక్‌లో పడ్డాయి. జపాన్ పాలనలో ఉన్నా చైనా తనవనే సెన్‌కాకు దీవుల చుట్టూ చైనా కోస్ట్‌గార్డ్ ఓడలు ఏడాది పొడవునా తిరుగుతూనే ఉంటాయి. ఆ దీవులకూ 5వ నిబంధన వర్తిస్తుందని 2014లో ఒబామా టోక్యోలో నిలబడి చెప్పాడు. ఆ ఒక్క మాట విలువ సముద్రం మీద పనిచేసినవాళ్లకు తెలుస్తుంది. అమెరికా లేకపోతే జపాన్ ఏం చేయాలి? అణ్వాయుధం చేసుకోవాలా? హిరోషిమా, నాగసాకి చూసిన దేశం ఆ దారిన పోలేదు.

పైగా జపాన్ కూర్చుని తింటోందన్నది పాత మాట. 2015లో చట్టాలు మార్చుకుంది. తన ఉనికికే ముప్పు అనుకున్న సందర్భంలో మిత్రుడి మీద దాడి జరిగినా బలం వాడొచ్చు. 2022 డిసెంబరులో ఐదేళ్లకు 43 లక్షల కోట్ల యెన్ల రక్షణ ఖర్చు ప్రకటించింది. టొమాహాక్ క్షిపణులు కొంటోంది.

2020 నవంబరులో మలబార్ విన్యాసాల మొదటి విడత మా విశాఖ తీరంలోనే జరిగింది. భారత్, అమెరికా, జపాన్, ఆస్ట్రేలియా ఓడలు ఒక్క వరసలో. 2024 అక్టోబరులో మళ్లీ వచ్చారు. 75 ఏళ్ల కిందట ఆ ఇద్దరూ రాసుకున్న కాగితం మన బంగాళాఖాతం దాకా వచ్చింది. కాబట్టి అది ఎవరో ఇద్దరి గొడవ అని మనం పక్కన పెట్టలేం.

ఓకినావా నుంచి

చాలాసేపు చదివి రాస్తున్నాను. పరిశోధన పని మీద నాలుగేళ్లుగా జపాన్ దక్షిణ కొసన ఉన్న ఓకినావా దీవుల్లో ఉంటున్నాను. విశాఖ సార్ చెప్పిన ముప్పు నిజమే, కాదనను. కానీ మాస్టారు చెప్పిన 6వ నిబంధన, ‘భూమి ఇస్తారు’ అన్నది, ఎవరి భూమి?

జపాన్ మొత్తం విస్తీర్ణంలో ఓకినావా 0.6 శాతం. అమెరికా సేనలు ఒక్కరే వాడుకునే స్థావరాల భూమిలో దాదాపు 70 శాతం ఈ చిన్న ప్రిఫెక్చర్‌లోనే (గవర్నరు ఉండే పాలనా విభాగం) ఉంది. 1945 యుద్ధంలో ఇక్కడి జనంలో నాలుగో వంతు పోయారంటారు. మిగిలినవాళ్లు శిబిరాల నుంచి తిరిగొచ్చేసరికి ఊళ్ల చుట్టూ కంచె. 1950ల్లో మళ్లీ పొలాలు లాక్కున్నారు. తుపాకీ మొన, బుల్డోజర్ అని ఇక్కడి పెద్దవాళ్లు ఆ రోజులకు పేరు పెట్టుకున్నారు. 1952 ఏప్రిల్ 28న జపాన్‌కు స్వతంత్రం వస్తే ఓకినావా అమెరికా చేతిలోనే ఉండిపోయింది. ఇక్కడ ఆ తేదీని అవమాన దినం అంటారు. తిరిగి జపాన్‌లో కలిసింది 1972 మే 15న.

రూపాయి లెక్క గారు 360 సంగతి చెప్పారు కదా, అది ఇక్కడ ఇళ్లలోకి ఎలా వచ్చిందో మా ఇంటి ఓనరు అవ్వ చెప్పింది. 1958 నుంచి 72 దాకా ఇక్కడ చెల్లింది డాలరే. కూరగాయలకూ డాలర్లే, బడి ఫీజుకూ డాలర్లే. జపాన్‌లో కలిసే రోజు వాటిని యెన్లలోకి మార్చింది డాలరుకు 305 చొప్పున. వాషింగ్టన్‌లో నిక్సన్ తీసుకున్న నిర్ణయానికి ఈవిడ బీరువాలో నోట్ల విలువ పడిపోయింది. ముందే లెక్క చూపించిన డబ్బుకు తేడా కట్టిచ్చారు గానీ, అంగట్లో ధరలు మాత్రం రాత్రికి రాత్రి పెరిగాయట. ‘కలిసిపోతున్నాం అని ఏడ్చాను, ధరలు చూసి మళ్లీ ఏడ్చాను’ అంటుంది.

గినోవాన్ ఊరి నడిబొడ్డున ఫుతెన్మా వైమానిక స్థావరం ఉంది. 2.7 కిలోమీటర్ల రన్‌వే. కకాజు గుట్ట ఎక్కితే మొత్తం కనిపిస్తుంది. ఇళ్లు, ఇళ్లు, కంచె, వరసగా నిలబెట్టిన ఆస్ప్రే విమానాలు, కంచె, మళ్లీ ఇళ్లు. నేను వెళ్లిన రోజు ఒకటి లేచింది. చెవులకంటే ముందు ఛాతీకి తెలిసింది ఆ చప్పుడు. 2004లో ఒక హెలికాప్టర్ పక్కనున్న విశ్వవిద్యాలయం మీద కూలింది. అమెరికా సైనికులు చుట్టూ కాపలా పెట్టి ఓకినావా పోలీసులను కూడా లోపలికి రానివ్వలేదు. 2017 డిసెంబరులో స్థావరాన్ని ఆనుకుని ఉన్న ప్రాథమిక పాఠశాల ఆటస్థలంలో హెలికాప్టర్ కిటికీ ఊడి పడింది, 7.7 కిలోల బరువు. పిల్లలు అప్పుడు ఆటల పీరియడ్‌లో ఉన్నారు. ఆ తర్వాత చాలా నెలలు విమానం దగ్గరికొస్తే చాలు, పిల్లలు ఆట ఆపి పరిగెత్తాల్సి వచ్చేది. గ్రౌండ్‌లో తలదాచుకునే షెడ్లు కట్టారు. కబడ్డీ ఆడే వయసు పిల్లలండీ.

కవాసాకి తెలుగోడు

మనసు బరువెక్కింది. ఫుతెన్మా తిరిగి ఇచ్చేస్తామని ఎప్పుడో ఒప్పుకున్నారు కదా?

ఓకినావా నుంచి

ఒప్పుకున్నారు. 1995లో ముగ్గురు అమెరికా సైనికులు 12 ఏళ్ల పిల్లను ఎత్తుకెళ్లి అత్యాచారం చేశారు. 85,000 మంది ఒకచోట చేరారు. 1996 ఏప్రిల్‌లో ఐదు నుంచి ఏడేళ్లలో ఇచ్చేస్తాం అన్నారు, కానీ బదులుగా ఓకినావాలోనే ఇంకోచోట కట్టాలి. ఆ చోటే హెనోకో. పగడపు దిబ్బలు, డుగాంగ్‌లు అనే సముద్రపు ఆవులు ఉన్న సముద్రం. పూడుస్తుంటే అడుగు మెత్తటి బురద అని తేలింది, వేల సంఖ్యలో ఇసుక స్తంభాలు దించాలట. 2019 ఫిబ్రవరి ప్రజాభిప్రాయ సేకరణలో ఓటేసినవాళ్లలో 72 శాతం వద్దన్నారు. పని ఆగలేదు. 2023 డిసెంబరులో గవర్నరు కాదన్న అనుమతిని ఆయన బదులు కేంద్రమే ఇచ్చేసుకుంది.

స్థావరాలు పోతే తిండి ఎలా అని మెయిన్‌ల్యాండ్ వాళ్లు అడుగుతుంటారు. 1972లో ఓకినావా ఆదాయంలో స్థావరాల వాటా 15 శాతం, ఇప్పుడు 5, 6 మాత్రమే. స్థావరం పోయి తిరిగొచ్చిన, నాహా నగరంలోని కొత్త పట్టణం భూమిలో ఇవాళ షాపులు, ఇళ్లు, మ్యూజియం ఉన్నాయి. ఆ భూమి మీద వ్యాపారం మునుపటికంటే 30 రెట్లు పెరిగిందని ప్రిఫెక్చర్ లెక్క.

విశాఖ తీరం

మీరు రాసింది రెండుసార్లు చదివాను. స్థావరం పక్క బడి గురించి నాకు తెలియదు. ఒప్పందం అవసరమన్న నా మాట మీద ఉన్నాను, కానీ ఆ బరువు టోక్యో, ఒసాకా పంచుకోవాలి. అందరి భద్రత అంటూ ఒక్క జిల్లా మీద పెట్టడం న్యాయం కాదు.

కొలంబస్ నుంచి

55,000 కోట్ల డాలర్ల విషయం మిగిలిపోయింది. 2025 సెప్టెంబరులో రాసుకున్న కాగితం ప్రకారం ఎందులో పెట్టాలో చివరి మాట అమెరికా అధ్యక్షుడిది. ఎంపికయ్యాక డబ్బు సమకూర్చడానికి జపాన్‌కు 45 పని దినాల గడువు. పెట్టింది రాబట్టుకునే దాకా వచ్చే డబ్బు చెరిసగం, ఆ తర్వాత 90 శాతం అమెరికాకు. ఇందులో చాలా భాగం జపాన్ ప్రభుత్వ బ్యాంకు రుణాలు, హామీల రూపంలో వస్తుందని టోక్యో అంటోంది. ఏ పేరు పెట్టినా, డబ్బిచ్చేవాడికి ఎంపిక లేని పెట్టుబడిని నేను పెట్టుబడి అనలేను.

జపాన్ ఉక్కు కంపెనీ నిప్పాన్ స్టీల్ కథ కూడా అంతే. యూఎస్ స్టీల్‌ను 1,400 కోట్ల డాలర్లకు పైగా పెట్టి కొంటానంటే, దేశ భద్రతకు ముప్పని 2025 జనవరిలో బైడెన్ ఆపాడు. మిత్రదేశం కంపెనీ ముప్పు ఎలా అవుతుంది? జూన్‌లో ట్రంప్ ఒప్పుకున్నాడు, కానీ కీలక నిర్ణయాలను ఆపగలిగే ‘గోల్డెన్ షేర్’ ప్రభుత్వానికి రాయించుకున్నాకే.

చరిత్ర మాస్టారు

ఓకినావా బాబూ, మీకోసం ఒక సంగతి. 1951లో శాన్‌ఫ్రాన్సిస్కో సభకు భారత్ వెళ్లలేదు. ఎందుకు వెళ్లట్లేదో ఆగస్టులోనే నెహ్రూ ప్రభుత్వం అమెరికాకు రాసి పంపింది. అందులో చెప్పిన అభ్యంతరాల్లో ఒకటి రియుక్యు దీవులను, అంటే మీ ఓకినావాను, జపాన్‌కు తిరిగి ఇవ్వకపోవడం. ఇంకొకటి, స్వతంత్రం ఇచ్చే ఏర్పాటులోనే విదేశీ సేనలు ఉండిపోవడాన్ని కలిపేయడం. తర్వాత 1952 జూన్ 9న భారత్ టోక్యోలో విడిగా శాంతి ఒప్పందం చేసుకుని నష్టపరిహారం వదులుకుంది.

ఓకినావా నుంచి

మాస్టారూ, ఇది నాకు తెలియదు. నిన్న సాయంత్రం అవ్వకు చెప్పాను. ముందు నమ్మలేదు. ‘అప్పుడు మా గురించి ఎవరికి తెలుసు?’ అంది. ఏ ఏడాది, ఎవరు అని రెండుసార్లు అడిగింది. వంటగది గోడ మీది క్యాలెండర్ వెనక్కి తిప్పి 1951 అని అంకె వేసి, పక్కన ‘ఇండియా’ అని రాసుకుంది. తర్వాత కూర్చోబెట్టి కాకరకాయ వేపుడు పెట్టింది. మన ఇంట్లో చేసినట్టే ఉంది, కాకపోతే గుడ్డు, టోఫు కలిపారు.